కోర్సైరా పెట్టెలో నల్లి: నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంత జీవ నియంత్రణ చరిత్రలో ఒక అంశం

వ్యాససంగ్రహం: పంటల పురుగులను అదుపు చేసే పరాన్నజీవులను పెంచాలంటే వాటికి ఆహారమయ్యే మరో పురుగును ముందుగా పెంచాలి. ఆ ఆహారపురుగుల పెంపకాన్ని దెబ్బతీసే సూక్ష్మజీవి నల్లి. దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతాల్లో జీవ నియంత్రణ గమనాన్ని ఈ కోణం నుంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నల్లి, కోర్సైరా, ట్రైకోగ్రామా, ఆముదం, నామాల పురుగు, మెట్ట వ్యవసాయం.

ఉపోద్ఘాతం

తెలుగు రైతు వాడుకలో ‘నల్లి’ అన్న మాట విస్తృతమైనది. మంచం సందుల్లో నెత్తురు పీల్చే పురుగూ నల్లే. మిరప ఆకును ముడుచుకుపోయేలా చేసేదీ, వరికంకిని తాలు చేసేదీ నల్లే. శాస్త్రదృష్టిలో మొదటిది ఆరుకాళ్ల కీటకం, తక్కినవి సాలీడు వర్గానికి చెందిన ఎనిమిది కాళ్ల జీవులు. ఈ వ్యాసంలో నల్లి అంటే ఈ రెండవ అర్థమే. పంటలపై నల్లిని గురించి తెలుగులో వ్యవసాయ వాఙ్మయం విరివిగానే ఉంది. ప్రయోగశాలల్లో పెంచే పురుగులకు పట్టే నల్లి మాత్రం చరిత్రకారుల దృష్టికి రాలేదు. అది కరదీపికల్లో, ‘జాగ్రత్తలు’ అన్న శీర్షిక కింద ఒకటి రెండు వాక్యాలుగా మిగిలిపోయింది.

ఆముదపు చేలు, నామాల పురుగు

పూర్వపు ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలు వర్షాధారపు ఆముదానికి పేరుపొందినవి. ఎర్ర చల్కా నేలలు, నమ్మదగని వానలు, చిన్న కమతాలు. ఆముదం ఈ పరిస్థితులను తట్టుకొని నిలిచిన పంట. పాలెం పరిశోధనా స్థానం నుంచి వెలువడిన క్రాంతి, హరిత వంటి రకాలు ఈ నేలల కోసం రూపొందినవే. ఈ పంటకు ప్రధాన శత్రువు నామాల పురుగు. కొన్ని ప్రాంతాల్లో దీనినే దాసరి పురుగు అంటారు. జూన్, జులైలలో విత్తిన పంట ఆకు పరిచే వేళకు, అంటే ఆగస్టు నుంచి, ఇది విజృంభిస్తుంది. తీవ్రత ఎక్కువైతే చేలో కాడలు, ఈనెలు మాత్రమే కనిపిస్తాయి.

1996లో మొదలైన ఆంధ్రప్రదేశ్ నెదర్లాండ్స్ బయోటెక్నాలజీ కార్యక్రమం తన కార్యక్షేత్రంగా ఎంచుకున్నది ఈ రెండు జిల్లాలనే. మెట్ట రైతు చెప్పిన అవసరాల నుంచి పరిశోధనాంశాలను నిర్ణయించాలన్నది దాని సూత్రం. జీవ కీటకనాశకాలు అందులో ముఖ్యమైన భాగం. రాజేంద్రనగర్‌లో 1977లో ఏర్పడిన నూనెగింజల పరిశోధనా డైరెక్టరేట్ నామాల పురుగుపై పనిచేసే బాక్టీరియా ఆధారిత మందును ఘనమాధ్యమంలో తయారుచేసే పద్ధతిని రూపొందించింది. ట్రైకోగ్రామా అనే అతిచిన్న కందిరీగ మరొక మార్గం. ఇది పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెట్టి, పురుగు పుట్టకముందే దానిని అంతం చేస్తుంది. ఈ రెండు మార్గాలకూ మధ్య ఒక మౌలికమైన తేడా ఉంది. బాక్టీరియాకు మాధ్యమం చాలు. కందిరీగకు మరో ప్రాణి గుడ్డు కావాలి.

నూకతో మొదలయ్యే పరిశ్రమ

ఆ గుడ్లనిచ్చేది కోర్సైరా, అంటే బియ్యపు రెక్కల పురుగు. ఇంటి గాదెలో జొన్ననూక గూడు కట్టిందంటే ఇల్లాలు చెరిగి పారబోస్తుంది. ప్రయోగశాలలో ఆ గూడు కట్టడమే ఉత్పత్తి. పద్ధతి దాదాపు అంతటా ఒకటే. రెండున్నర కిలోల జొన్న లేదా సజ్జను పగలగొట్టి, 100 డిగ్రీల వేడిలో అరగంట ఉంచుతారు. చల్లారిన తరువాత 100 గ్రాముల వేరుశనగ పొడి, 5 గ్రాముల ఈస్టు, 5 గ్రాముల గంధకం, కొద్దిగా స్ట్రెప్టోమైసిన్ కలిపి పెట్టెలో పోసి కోర్సైరా గుడ్లు చల్లుతారు. నలభై, యాభై రోజులకు రెక్కల పురుగులు వెలువడతాయి. అవి పెట్టిన గుడ్లను శుభ్రపరచి, అతినీలలోహిత కాంతిలో ఉంచి నిర్జీవం చేసి, కార్డుకు అతికించి కందిరీగలకు అందిస్తారు. ఒక ఘన సెంటీమీటరుకు సుమారు 20 వేల గుడ్లు. అదే రైతు చేతికి వచ్చే ట్రైకోకార్డు.

ఈ దినుసుల్లో గంధకం పురుగుకు ఆహారం కాదు. అది నల్లి కోసం వేసినది. ధాన్యాన్ని వేడిచేయడంలోని ఉద్దేశం కూడా ప్రధానంగా గింజతోపాటు వచ్చే ఇతర పురుగులనూ, నల్లులనూ తొలగించడమే. ఉత్పత్తి విధానంలోనే శత్రువుకు స్థానం కల్పించి ఉందన్న మాట.

మూడు రకాల నల్లి

పెంపకాల్లో కనిపించే నల్లులు ఒక్క స్వభావం గలవి కావు. మొదటి రకం నూకనూ బూజునూ తినేది. ఇది పురుగును నేరుగా చంపదు, మేతను పాడుచేస్తుంది. రెండవ రకం గుడ్లను పీల్చేది. బ్లాటిసోసియస్ టార్సాలిస్ వంటివి రెక్కల పురుగు దేహాన్నే వాహనంగా చేసుకొని ఒక పెట్టె నుంచి మరొక పెట్టెకు చేరుతాయి. గుడ్ల కోసం పురుగులను సేకరించే పనివారే తెలియకుండా వాటిని మోసుకెళ్లినవారవుతారు.

మూడవది పైమోటిస్. విషంతో తనకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన పురుగును స్తంభింపజేసి రసం పీలుస్తుంది. ఆడనల్లి పొట్ట చిన్న ముత్యంలా ఉబ్బుతుంది, పిల్లలు అందులోనే పూర్తిగా ఎదిగి బయటికి వస్తాయి. పుట్టిన వెంటనే ఆడపిల్లలు సంతానానికి సిద్ధమవుతాయి కనుక, ఒక పెట్టెలో కనిపించిన కొద్దిరోజులకే గదంతా పాకుతుంది. 1920ల చివరలో కాలిఫోర్నియాలో ఫ్లాండర్స్ ధాన్యపు రెక్కల పురుగు గుడ్లపై ట్రైకోగ్రామాను పెద్దఎత్తున పెంచే పద్ధతిని నెలకొల్పాడు. ఆ తరహా పెంపకాలకు మొదటి నుంచీ బెడదగా నిలిచినది ఈ నల్లే.

ఇది మనుషులను కూడా కుడుతుంది. 1909లో ఫిలడెల్ఫియాలో గడ్డిపరుపులపై పడుకున్నవారికి వచ్చిన దద్దుర్లకు కారణం ఈ నల్లి అని గోల్డ్‌బెర్గర్, షాంబర్గ్ నిరూపించారు. (ఈ గోల్డ్‌బెర్గరే తరువాత పెల్లాగ్రా వ్యాధిపై పరిశోధనతో ప్రసిద్ధుడయ్యాడు. 1960లో హైదరాబాదులో గోపాలన్, శ్రీకంఠయ్య అదే వ్యాధిని జొన్న తిండితో ముడిపెట్టి పరిశీలించడం యాదృచ్ఛికమే అయినా గమనింపదగినది.) కనుక పెంపకపు గదిలో పైమోటిస్ చేరిన సంగతి సూక్ష్మదర్శిని కన్నా ముందు పెట్టెలు దులిపే మనిషి చేతులకు తెలుస్తుంది. రెక్కల పొలుసుల వల్ల వచ్చే ఉబ్బసానికి తోడు ఈ దురద కూడా వారి వృత్తిబాధే. కార్డుల సంఖ్యను లెక్కించే నివేదికలు ఈ శ్రమను లెక్కించవు.

ఋతువు చేసిన పరీక్ష

నల్లి నివారణలో అసలు చిక్కు ఏమంటే, పురుగును చంపని మందు నల్లిని చంపడం అరుదు. గంధకం ఒక మేరకే ఆ పని చేస్తుంది. అందువల్ల నివారణ అంతా క్రమశిక్షణ మీద ఆధారపడింది: మూలపు పెంపకాన్ని వేరే గదిలో ఉంచడం, పాత పెట్టెలను సకాలంలో ఖాళీచేసి మేతను కాల్చివేయడం, నల్లి కనిపించిన పెట్టెను దయతలచకుండా తొలగించడం, శుభ్రమైన గదిలో పని ముగించుకున్నాకే అనుమానపు గదిలో అడుగుపెట్టడం.

ఈ క్రమశిక్షణకు దక్షిణ తెలంగాణ వాతావరణం రెండు వైపుల నుంచి పరీక్ష పెట్టింది. ఆగస్టు నడుమ ఆముదపు చేనికి కార్డులు చేరాలంటే జూన్ చివరలోపే పెట్టెలు నింపాలి. కాని ఏప్రిల్, మే నెలల ఎండల్లో చల్లదనం లేని గదుల్లో కోర్సైరా సంతానం క్షీణిస్తుంది. జూన్‌లో మిగిలిన కొద్దిపాటి మూలం నుంచే మొదలుపెట్టాలి. వానలు పడ్డాక గాలిలో తేమ పెరిగి, నూక మెత్తబడి, నల్లికి అనువైన కాలం వస్తుంది. పంటకు పరాన్నజీవి ఎప్పుడు అవసరమో సరిగ్గా అప్పుడే దాని ఆహారపు పెంపకం అత్యంత బలహీనంగా ఉంటుంది. గుడ్లకార్డును శీతల పెట్టెలో కొన్ని వారాలే నిలువ ఉంచవచ్చు. కనుక వేరే కాలంలో ఉత్పత్తి చేసి దాచుకునే వీలూ లేదు. కరెంటు కోతల గ్రామంలో ఆ కొద్ది వారాల వెసులుబాటు కూడా అనుమానమే.

ఈ నేపథ్యంలో, బాక్టీరియా మందూ వేపగింజల కషాయమూ పల్లె చేతికి అందినంత సులువుగా ట్రైకోకార్డు తయారీ అందకపోవడాన్ని రైతు నిరాసక్తతగా వ్యాఖ్యానించడం సమంజసం కాదు. కషాయం అవసరమైన నాడు కాచుకోవచ్చు. పురుగుల పెంపకం ఏడాది పొడవునా, పండుగ రోజుల్లో సైతం సాగవలసిన పశుపోషణ వంటిది. పాతరలో జొన్నను గాలి చొరకుండా కప్పి, బాగా ఎండిన గింజనే నిలువచేయడం తెలిసిన రైతుకు తేమకూ పురుగుకూ ఉన్న సంబంధం కొత్త విషయమేమీ కాదు. లోపించినది అవగాహన కాదు. తేమను అదుపుచేసే గది, నిత్యం జీతం పొందే మనిషి.

పత్తి రాక

2002లో బి.టి. పత్తికి అనుమతి లభించిన తరువాత ఈ జిల్లాల్లో పత్తి విస్తరించింది, ఆముదం వెనుకబడింది. దానితోపాటు కార్డుల అవసరమూ తగ్గింది. అయితే కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు బి.టి. విషానికి తట్టుకోవడం నేర్చింది. ఆ పురుగు నిలువచేసిన పత్తిలో, గింజ లోపల దాగి ఉంటుంది. దానిని అక్కడ వెదికి చంపే సహజ శత్రువుల్లో పైమోటిస్ ఒకటని ఈజిప్టు పత్తి పరిశోధకులు 20వ శతాబ్ది తొలి దశకాల్లోనే గుర్తించారు. పెంపకపు గదిలో పెట్టెలను ఖాళీ చేయించిన నల్లి, ఇంటి వసారాలో పోసిన పత్తికుప్పలో రైతు పక్షాన పనిచేయగలదు. ఆ కుప్పపై నిద్రించేవారి ఒంటిపై మాత్రం అది పెట్టే దద్దుర్లు గడ్డిపరుపు నాటివే.