పిల్లిమొగ్గను చూసిన కన్ను

2018 ఫిబ్రవరి 24, శనివారం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో మహిళల వాల్ట్ ఫైనల్ జరుగుతోంది.

పరుగుదారి పొడవు 25 మీటర్లు. దాని చివర ఒక స్ప్రింగ్‌బోర్డు. ఆ వెంటనే మనిషి ఛాతీ ఎత్తున, సరిగ్గా 125 సెంటీమీటర్ల మీద, వాల్టింగ్ టేబుల్. దాని అవతల దిగడానికి మ్యాట్. ఈ చివర నిలబడి ఉంది 22 ఏళ్ల హైదరాబాద్ అమ్మాయి, బుద్దా అరుణారెడ్డి.

చెయ్యెత్తి జడ్జీలకు అభివాదం చేయాలి. ఆ తర్వాత పరుగు. మూడు నాలుగు సెకన్లలో 25 మీటర్లూ అయిపోతాయి. రెండు పాదాలు ఒక్కసారే బోర్డు మీద పడాలి. అది విసిరిన ఊపుకి ఒళ్లు తలకిందులవుతుంది. అరచేతులు టేబుల్‌ను తాకీ తాకనట్టు నెట్టాలి. ఆపైన గాలిలో ఉండేది సుమారు ఒక సెకను. ఆ సెకనులోనే పల్టీ, ఆ సెకనులోనే మెలిక. చివరికి రెండు పాదాలు మ్యాట్‌కు అతుక్కోవాలి. ఫైనల్లో ఇలాంటి వాల్ట్‌లు రెండు, వేర్వేరు రకాలవి. వాటి సగటే తుది స్కోరు.

ఏళ్ల తరబడి చేసిన సాధన మొత్తాన్ని ఆ రెండు సెకన్ల గాలి ప్రయాణంలో చూపించాలి.

నాన్న పట్టుకొచ్చిన అమ్మాయి

అరుణ 1995 డిసెంబరు 25న పుట్టింది. మొదట దిగింది జిమ్నాస్టిక్స్‌లోకి కాదు, కరాటేలోకి. అందులో బ్లాక్ బెల్ట్ సాధించింది, ఇతరులకు నేర్పేంత పట్టు సంపాదించింది. అటువంటి పిల్లను జిమ్నాస్టిక్స్ వైపు మళ్లించింది తండ్రి నారాయణరెడ్డి. ఆయన చార్టర్డ్ అకౌంటెంట్. పొద్దస్తమానం అంకెలతో పని. అయినా కూతురి ఒంట్లోని చురుకును, వంపును ఆయన కన్ను పట్టుకుంది.

అప్పట్లో మన ఇళ్లలో జిమ్నాస్టిక్స్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఎందరు? క్రికెట్ తెలుసు, కబడ్డీ తెలుసు. సానియా మీర్జా పుణ్యమా అని టెన్నిస్, గోపీచంద్ పుణ్యమా అని బ్యాడ్మింటన్ ఇంటింటి మాటలయ్యాయి. జిమ్నాస్టిక్స్‌కు అలా చెప్పుకోవడానికి ఒక్క పేరూ లేదు. ఉద్యోగం వస్తుందన్న భరోసా లేదు, టీవీలో కనిపిస్తారన్న ఆశ లేదు. ఉన్నదల్లా దెబ్బ తగులుతుందన్న భయం. అలాంటి ఆటకు ఆడపిల్లను చేయి పట్టుకుని తీసుకెళ్లిన తండ్రి ఆయన.

హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియం ఆమెకు రెండో బడి అయింది. మొదట స్వర్ణలత, ఆ తర్వాత బ్రిజ్ కిశోర్ లాంటి కోచ్‌లు ఆమెను తీర్చిదిద్దారు. 2005 నాటికే జాతీయ స్థాయిలో పతకం మెడలో పడింది. అప్పటికి ఆమెకు పదేళ్లు కూడా సరిగా నిండలేదు.

ఒనెష్టి బడి ఆవరణ

ఇక్కడ కాసేపు రొమేనియాకు వెళ్లి రావాలి. ఈ ఆటలో పిల్లల ప్రతిభను కనిపెట్టడమంటే ఏమిటో చెప్పే కథ ఒకటి అక్కడ ఉంది.

ఒనెష్టి అనే చిన్న పట్టణం. 1960ల చివర. బడి ఆవరణలో ఇద్దరు చిన్నపిల్లలు ఆడుకుంటూ పిల్లిమొగ్గలు వేస్తున్నారు. అటుగా వచ్చిన కోచ్ బేలా కరోలీ వాళ్లను చూశాడు. ఇంతలో గంట కొట్టారు, పిల్లలు లోపలికి పరుగెత్తారు. ఆయన ఊరుకోలేదు. తరగతి తరగతికీ వెళ్లి మొగ్గలు వేసేదెవరని అడిగాడని చెబుతారు. అలా దొరికిన పిల్లల్లో ఒకరు నాదియా కొమనేచి.

1976 జులై 18. మాంట్రియల్ ఒలింపిక్స్. 14 ఏళ్ల నాదియా అన్‌ఈవెన్ బార్స్ మీద విన్యాసం ముగించింది. స్కోరుబోర్డు మీద 1.00 అని వెలిగింది. జనం బిత్తరపోయారు. అసలు సంగతేమిటంటే, ఒలింపిక్స్‌లో ఎవరికీ పదికి పది రావనే నమ్మకంతో ఆ బోర్డును 9.99 దాకా చూపించేటట్టే చేశారు. పది చూపించడానికి దానికి చోటే లేదు. ఆ పోటీల్లో నాదియా ఏడుసార్లు పదికి పది సాధించింది. మూడు స్వర్ణాలు గెలిచింది.

పిల్లిమొగ్గలు వేసే పిల్లలు ఒనెష్టిలో ఉన్నారు, మన ఊళ్లలోనూ ఉన్నారు. గంట కొట్టాక కూడా వెతుక్కుంటూ వచ్చే మనిషి ఉండటంలోనే ఉంది తేడా అంతా.

2010

నాదియా 14 ఏళ్లకు ప్రపంచాన్ని గెలిచింది. అరుణ దాదాపు అదే వయసులో తండ్రిని పోగొట్టుకుంది. 2010లో నారాయణరెడ్డి కన్నుమూశారు.

స్టేడియానికి తీసుకెళ్లిన చెయ్యి లేదు. ఇంటి పెద్దదిక్కు లేదు. ఆ వయసు పిల్ల ఆటను పక్కన పెట్టేస్తే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. పైగా ఇది మనసు కుదురుగా లేకపోతే చేయకూడని ఆట. తలకిందులుగా గాలిలో ఉన్నప్పుడు ఒక్క క్షణం ధ్యాస చెదిరినా మెడ మీద పడే ప్రమాదం ఉంటుంది. అయినా అరుణ ఆగలేదు. కుటుంబం ఆమె వెనక నిలబడింది.

2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలు, ఇంచియాన్ ఆసియా క్రీడలు. పోటీ చేసింది, పతకం రాలేదు. 2016లో త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్లో 15.066తో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ దేశంలో చాలామంది వాల్ట్ అనే మాట మొదటిసారి విన్నది ఆ రాత్రే. 2017 ఆసియా చాంపియన్‌షిప్స్‌లో అరుణ ఆరో స్థానం దాకా వచ్చింది. ఒక్కో మెట్టే ఎక్కుతోంది. ఎక్కుతున్నట్టు మాత్రం మనలో ఎక్కువమందికి తెలియదు.

0.05

మళ్లీ మెల్‌బోర్న్.

రెండు వాల్ట్‌లూ అయిపోయాయి. స్కోర్లు వచ్చాయి. స్లొవేనియాకు చెందిన త్యాషా కీసెలెఫ్ 13.800, స్వర్ణం. ఆస్ట్రేలియా అమ్మాయి ఎమిలీ వైట్‌హెడ్ 13.699, రజతం. బుద్దా అరుణారెడ్డి 13.649, కాంస్యం. మన దేశం నుంచే బరిలోకి దిగిన ప్రణతీ నాయక్ ఆరో స్థానంలో నిలిచింది.

జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో భారతదేశానికి అదే మొదటి వ్యక్తిగత పతకం. ఎవరూ తొక్కని దారిలో తొలి అడుగు మన తెలుగు అమ్మాయిది.

రజతానికీ కాంస్యానికీ మధ్య దూరం 0.05. ఇది ఎంత చిన్నదో చూడండి. దిగినప్పుడు పాదం కొంచెం కదిలి చిన్న అడుగు పడితే జడ్జీలు 0.10 కోస్తారు. పెద్ద అడుగైతే 0.30. కింద పడితే ఏకంగా 1.00. ఫైనల్లో రెండు వాల్ట్‌ల సగటు తీస్తారు కాబట్టి, ఒక వాల్ట్‌లో పడే ఒక్క చిన్న అడుగు విలువ తుది స్కోరులో సరిగ్గా 0.05. అంటే రెండు పతకాల మధ్య ఉన్నది ఒక పాదం జరిగేంత దూరం. ఆ బెత్తెడు నేల మీద పట్టు కోసమే జిమ్నాస్ట్ రోజుకు ఎన్నోసార్లు దూకుతుంది, పడుతుంది, లేస్తుంది.

ఆ పతకాన్ని అరుణ తన తండ్రికి అంకితమిచ్చింది. చూడాల్సిన ఆ కళ్లు మూతపడి అప్పటికి ఏడేళ్లు దాటాయి.

అదే రాత్రి దుబాయ్‌లో సినీనటి శ్రీదేవి మరణించారు. ఆదివారం తెల్లవారేసరికి తెలుగునాట ప్రతి ఇంటా అదే మాట, అదే దుఃఖం. ఆ శోకంలో మెల్‌బోర్న్ కబురు చాలామంది చెవిన పడకపోయి ఉంటే ఆశ్చర్యం లేదు. అందుకే ఇన్నేళ్ల తర్వాతయినా ఈ కథ మళ్లీ చెప్పుకోవాలి.

మోకాలు

ఆ ఏడాదే జకార్తా ఆసియా క్రీడల్లో అరుణ వాల్ట్ ఫైనల్‌కు చేరి ఏడో స్థానంలో నిలిచింది. తర్వాత 2019లో మోకాలి లిగమెంట్‌కు గాయం. వాల్ట్ చేసేవాళ్లకు మోకాలే ప్రాణం. పై నుంచి దిగేటప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్ల భారాన్ని అదే మోయాలి. ఆ వెనకే కొవిడ్ వచ్చింది, స్టేడియాలకు తాళాలు పడ్డాయి.

అటువంటి గాయం తర్వాత నడక మళ్లీ మామూలు కావడమే గొప్ప. ఆమె పరుగుదారి మీదకు తిరిగి వచ్చింది. 2021 చివరలో కైరోలో జరిగిన ఫారోస్ కప్‌లో వాల్ట్‌లో ఒకటి, ఫ్లోర్‌లో ఒకటి, రెండు స్వర్ణాలు గెలిచింది. అప్పటికి ఆమె వయసు 26కు చేరువవుతోంది. నాదియా 14 ఏళ్లకే శిఖరం ఎక్కిన ఆటలో, ఆ వయసులో, గాయపడిన మోకాలితో గెలిచిన పతకాలవి.

మనోహరాబాద్‌లో ఒక ఇసుక కుప్ప

ఈ కథ ఇప్పుడు మెదక్ జిల్లా మనోహరాబాద్ దాకా ఎందుకు రావాలంటే, చెప్పాల్సిన అసలు మాట ఇక్కడే ఉంది.

హైదరాబాద్ నుంచి మేడ్చల్ దాటి, 44వ నంబరు జాతీయ రహదారి మీద తూప్రాన్ వైపు వెళ్తుంటే మనోహరాబాద్ వస్తుంది. 2016లో మండల కేంద్రమైంది. రైల్వే స్టేషన్ ఉంది, కొత్తపల్లి వైపు కొత్త రైలు మార్గం మొదలయ్యేదీ ఇక్కడే. పక్కనే కాళ్లకల్ ఫ్యాక్టరీలు. లాల్ బహదూర్ స్టేడియం దూరమేమీ కాదు, ఒక పూట ప్రయాణం కూడా లేదు. అయినా పదేళ్ల పిల్లకు రోజూ పోయి రావాలంటే అది మెల్‌బోర్న్ అంత దూరం.

ఇటువంటి ఊళ్లలో బడి వదిలాక చూడండి. కట్టుబడి కోసం పోసిన ఇసుక కుప్ప ఒకటి ఉంటే చాలు. చున్నీ నడుముకు బిగించుకుని ఒక పిల్ల దాని మీంచి పల్టీ కొడుతుంది. వెనకే ఇంకో పిల్ల. అంతలో ఏ అరుగు మీది నుంచో కేక వినబడుతుంది: “ఓ బిడ్డా, దిగు! నడుము ఇరుగుతది!”

ఆ కేకలో ప్రేమే ఉంది, తప్పు లేదు. కోచ్ లేకుండా, మ్యాట్ లేకుండా పల్టీలు కొట్టడం నిజంగానే ప్రమాదం. కానీ ఆ కేకతోనే కథ ముగిసిపోతోంది. ఒకప్పుడు ఊళ్లోకి దొమ్మరాట వస్తే గడ మీద పల్టీ కొట్టిన పిల్లను చూసి చప్పట్లు కొట్టాం, చాటలో గింజలు పోశాం. ఆ ఒంట్లో ఉన్నది విద్య అని మాత్రం గుర్తించలేదు. ఎన్ని తరాల ప్రతిభ అలా గడ దిగి మట్టిలో కలిసిపోయిందో!

నారాయణరెడ్డి కోట్లు పెట్టి కూతురిని ప్రపంచ కప్‌కు పంపలేదు. ముందు చూశారు. చూసింది నమ్మారు. ఉన్నంత కాలం వెంట నడిచారు.

మనోహరాబాద్ బడికి అంతర్జాతీయ స్టేడియం అక్కర్లేదు. ఒక గది, నాలుగు మందపాటి మ్యాట్‌లు, ఒక స్ప్రింగ్‌బోర్డు, వారానికి మూడు రోజులు వచ్చే ఒక కోచ్. మొదలుపెట్టడానికి ఇంతే కావాలి. రహదారి పక్కన ఉన్న ఫ్యాక్టరీల సామాజిక బాధ్యత నిధుల్లో ఇది మోయలేని ఖర్చు కాదు. అధికారులు, ఉపాధ్యాయులు, సర్పంచులు తలచుకుంటే ఈ విద్యా సంవత్సరంలోనే సాధ్యం.

తల్లిదండ్రులకు ఒక్క మాట. రేపు మీ పిల్ల పిల్లిమొగ్గ వేస్తుంటే “దిగు” అనే ముందు ఒక్క క్షణం ఆగి చూడండి. ఆ తర్వాత దింపండి. దింపి, చెయ్యి పట్టుకుని, నేర్పేవారి దగ్గరకు తీసుకెళ్లండి.