ప్రేలని తుపాకి



నోటినుండి మందు పోసి, గుండు వేసి, గజముతో దట్టించి కాల్చు తుపాకి మీలో పలువురికి క్రొత్తది కాదు. అడవిపందులు పైరుమీద పడు ఊళ్ళలో అట్టి తుపాకులు ఇంటి దూలములకు వ్రేలాడుచుండెడివి. తుపాకి ప్రేలినపుడు ఏమి జరిగినదో చరిత్ర వ్రాయువారు విస్తారముగ వ్రాసిరి. అది ప్రేలనపుడు ఏమి జరిగినదో వ్రాసినవారు తక్కువ. నేడు నేను ప్రసంగింపదలచినది ఈ రెండవ సంగతినిగూర్చియే.

మొదట వేటకాని తుపాకిని తీసికొందము. గొట్టములోపల మెలికగా గాళ్ళు తీసినచో గుండు బొంగరమువలె తిరుగుచు సూటిగా పోవునని జర్మను దేశపు పనివాండ్రు పదునాఱవ శతాబ్దమునకే ఎఱుగుదురు. అయితే గుండు ఆ గాళ్ళను గట్టిగ పట్టుకొనవలెను. గట్టిగ పట్టుకొను గుండు సులభముగ లోనికి దిగదు. కొందఱు కొయ్యసుత్తితో కొట్టి దింపెడివారు. ఒక్క దెబ్బ వేయుటకు అంత శ్రమయైనచో జింక అంతవఱకు నిలిచియుండునా? పదునెనిమిదవ శతాబ్దమున అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలసపోయిన జర్మను కమ్మరులు పొడుగుపాటి వేట తుపాకులు చేసిరి. వీనిని వాడినవారు గొట్టముకంటె కొంచెము చిన్నదగు గుండును క్రొవ్వు రాచిన గుడ్డముక్కలో చుట్టి దింపెడివారు. గుడ్డ గాళ్ళను పట్టుకొనును, గుండు సులభముగ జాఱును. ఇంతటి చిన్న యుపాయమునకు ఎంత ఫలము!

అయినను మందు తన గుణమును మానదు. నల్లమందులో నూటికి సుమారు 75 పాళ్ళు సూరేకారము, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకము. ఇది కాలినపుడు వాయువై పోవునది సగముకంటె తక్కువ. తక్కినదానిలో కొంత పొగతో వెలికి పోవును, కొంత మసియు ఉప్పునై గొట్టములోనే అంటుకొనును. ఆ ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చి జిగటయగును, మఱునాటికి ఇనుమును తినును. నాలుగైదు దెబ్బలు కాల్చినపిమ్మట గుండు నడుమనే చిక్కుకొనుటకు కారణమిదియే. ఇట చిక్కిన గుండును నేను ప్రత్యేకముగ చెప్పుచున్నాను. మందునకును గుండునకును నడుమ ఖాళీ యుండగా కాల్చినచో గొట్టము ఉబ్బును, ఒక్కొకప్పుడు పగులును. కాల్చువాని యెడమచేయి సరిగ ఆ తావుననే యుండును. కావుననే ఎఱిగిన వేటకాడు దెబ్బదెబ్బకును తడిగుడ్డతో గొట్టము తుడిచి, పొడిగుడ్డతో ఆర్చి, ఆ తరువాతనే మందు పోసెడివాడు. సోమరి తుడువడు.

ఇక నిప్పు సంగతి. చెకుముకి తుపాకిలో మీట నొక్కగనే రాయి ఉక్కు పలకను గీచును. నిప్పురవ్వలు పళ్ళెములోని రంజకముపై పడును. రంజకము మండి దాని జ్వాల చిన్న చెవిగుండ లోపలి మందును తాకును. ఇన్ని మెట్లలో ఏ యొకటి తప్పినను తుపాకి తుస్సుమనును. రాయి మొద్దుబాఱినచో రవ్వ రాదు. మంచు పడినచో రంజకము ముద్దయగును. చెవి మసితో పూడినచో పళ్ళెములో మెఱుపు కనబడునేగాని దెబ్బ రాదు. అంతకంటె చెడ్డది, చెవిలోనికి రంజకము కూరుకొనిపోవుట. అపుడు నిప్పు ఒత్తివలె మెల్లగ ప్రాకి, వేటకాడు విసిగి తుపాకిని దించి గొట్టములోనికి తొంగిచూచు సమయమున ప్రేలును. ప్రేలని తుపాకిని గుఱివైపుననే పట్టుకొని ఒక నిముసమైన కదలక నిలువవలెనని పాతవారు పెట్టిన కట్టడి ఇందువలననే.

ఈ మెఱుపే ఒక మతబోధకుని కోపము తెప్పించినది. స్కాట్లండులో అబర్డీను నగరమునకు దాపున బెల్‌హెల్వీ యను గ్రామము కలదు. అచటి చర్చి గురువు అలెగ్జాండర్ ఫోర్సైతు పక్షుల వేటయందు ఆసక్తి గలవాడు. పళ్ళెములో మెఱుపు కనబడగనే నీటిపక్షులు మునిగి తప్పించుకొనెడివి. గుండు చేరువఱకు అట పక్షి లేదు. దెబ్బ తగులగనే తనంతట తాను ప్రేలు రసాయనపు మందును వాడినచో మెఱుపే కనబడదుగదా యని ఆయన తలచెను. 1806లో లండను కోటలో ప్రభుత్వము ఆయనకు పని చేసికొన తావిచ్చెను. మఱుసటి యేడు ఆయుధశాఖకు క్రొత్త అధికారి వచ్చి, సామాను తీసికొని వెళ్ళుమనెను. ఆ యేడే, అనగా 1807 ఏప్రిలులో, ఆయన తన కల్పనకు పేటెంటు పొందెను. తరువాత పలువురు దానిని మెఱుగుపఱచిరి. ఆ మందును చిన్న రాగి టోపిలో అతికి, గొట్టపు మొనకు తొడుగు పద్ధతి 1820 ప్రాంతములనుండి వ్యాపించినది. మన పెద్దలు టోపి తుపాకి యనినది దీనినే.

వేటగాండ్రు వెంటనే గ్రహించిన మేలును సర్కారువారు గ్రహించుటకు చాలకాలము పట్టినది. 1834లో వూలిచ్‌లో రెండు విధముల తుపాకులను తలకొక 6000 సారులు కాల్చి పరీక్షించిరి. చెకుముకి తుపాకి 922 సారులు ప్రేలలేదు, అనగా ఇంచుమించు ఏడింట నొకటి. టోపి తుపాకి 36 సారులు మాత్రమే తప్పినది, నూట అఱువది యాఱింట నొకటి. ఈ లెక్క చేతనుండియు ఏండ్ల తరబడి సిపాయిలకు చెకుముకి తుపాకులే ఇచ్చిరి.

దాని ఫలమును అనుభవించినవారిలో మన దక్షిణదేశపు సిపాయిలు కలరు. 1841 మే 30వ తేదీన, చీనాతో జరిగిన మొదటి నల్లమందు యుద్ధమున, కాంటన్ నగరమునకు ఉత్తరముననున్న శాన్‌యువాన్‌లీ గ్రామ ప్రాంతమున, మదరాసు 37వ పటాలములోని ఒక కంపెనీ కుండపోత వర్షమున దారితప్పి ఒంటరిగ చిక్కుకొన్నది. వారు సుమారు అఱువదిమంది. మదరాసు సైన్యమున తెలుగువారును అరవవారును మహమ్మదీయులును కలిసియుండెడివారు. ఈటెలు పట్టిన వేలకొలది గ్రామస్థులు వారిని చుట్టుముట్టిరి. రంజకము నీరైనది, ఒక్క తుపాకియు ప్రేలలేదు. సిపాయిలు చదరముగ నిలిచి బాయినెట్లతో కాచుకొనిరి. అప్పటి వృత్తాంతములు ఒక విశేషమును చెప్పుచున్నవి. కొందఱు తడిసిన మందును తీసివైచి, గొట్టములలో నీరు పోసి కడిగి, తలపాగాల లోపలి పొడిగుడ్డ చింపి ఆర్చి, కొన్ని దెబ్బలు కాల్చగలిగిరట. వారికి ఆ విద్య నేర్పిన శిక్షకుడు ఎవడో గాని ధన్యుడు. చీకటిపడినపిమ్మట నావికా సైనికులు వచ్చి వారిని విడిపించిరి. వచ్చినవారి చేతులలో నున్నవి టోపి తుపాకులు. అవి ఆ వర్షములోనే ప్రేలినవి.

ఫోర్సైతునకు 1842లో ప్రభుత్వము 200 పౌనులు బహుమానమిచ్చెను. 1843లో ఆయన మరణించెను. మఱి వేయి పౌనులు ఆ తరువాత బంధువులకు పంచిపెట్టిరి.

టోపి వచ్చినతోడనే కష్టములన్నియు తీరలేదు. గొట్టమునకు రాచిన నూనె మొనలో చేరినచో టోపి చిటుక్కుమనునుగాని నిప్పు మందును చేరదు. కావున మందు పోయుటకు ముందే ఒకటి రెండు ఉత్తటోపీలు కాల్చి దారి ఆర్చుకొనెడివారు. మందు పోయుట మఱచి గుండు దింపినవారును లేకపోలేదు. అట్టివాడు గుండు అడుగంట కూర్చున్నదని గజముతో నిశ్చయించుకొని, మొనను విప్పి, ఆ రంధ్రముగుండ చిటికెడు మందు పోసి, దానితో గుండును వెలికి కాల్చెడివాడు. లేదా గజము కొనకు మరమేకు బిగించి, సీసములో త్రిప్పి లాగెడివాడు. మందు ఉన్నదో లేదో తెలియనపుడు లాగుట ప్రాణాపాయము.

అన్నిటికంటె గొప్ప కీడు తుపాకి ప్రేలలేదని తెలియకపోవుట. 1863 జూలైలో అమెరికా అంతర్యుద్ధమున గెటిస్‌బర్గు పోరాటము ముగిసినపిమ్మట ఏఱిన తుపాకులు 27,574 అని లెక్క వ్రాసిరి. వానిలో సుమారు 24,000 నింపియే యున్నవి. సుమారు 12,000 తుపాకులలో రెండేసి దెబ్బల మందుగుండు. మఱి 6,000 తుపాకులలో మూడు మొదలు పది వఱకు. ఒకదానిలో ఇరువది మూడు! భయమున కాల్చనివారు కొందఱు ఉండవచ్చును. నా యభిప్రాయములో పెక్కుమంది ఆ ఘోషలో తమ తుపాకి ప్రేలినదనియే తలచి, మరల మరల దట్టించిరి.

దీనికి వేటగాండ్రు కనిపెట్టిన మందు ఒక గీత. ఖాళీ గొట్టములో గజము దింపి నోటియొద్ద ఒక గీత, సరిగా నింపిన గొట్టములో దింపి మఱియొక గీత గీయుదురు. ఆ పిమ్మట ఎప్పుడు అనుమానము కలిగినను గజము దింపి చూచిన చాలును. మొదటి గీత కనబడినచో ఖాళీ, రెండవది కనబడినచో నిండు, అంతకు మించి గజము పైకి నిలిచినచో రెండు దెబ్బలు పడినవి, లేదా గుండు దారిలో నిలిచినది.

1866లో ఇంగ్లీషు సైన్యము వెనుకనుండి నింపు స్నైడరు తుపాకిని స్వీకరించినది. మందు, గుండు, టోపి మూడును ఒక్క తూటాలో చేరినవి. ప్రేలని తూటాను తీసి చేతపట్టి చూడవచ్చును. నోటినుండి నింపు తుపాకి మాత్రము అంతరింపలేదు. అమెరికాలోని పెక్కు రాష్ట్రములందు నేటికిని జింకల వేటకు దానికై వేఱుగ కొన్ని దినములు నియమించుచున్నారు. ఆ దినములలో అడవికి పోవువారు నేటికిని గజముమీద గీత గీచుకొనియే పోవుదురు.