అమ్మాయిలు, నేరాలు, బాల న్యాయం: అంకెల వెనక ఏముంది?

టీనేజీ అమ్మాయిలు రౌడీల్లా తయారవుతున్నారన్న మాట 2000 తర్వాత బ్రిటన్ పత్రికల్లో తరచూ వినిపించింది. పోలీసు లెక్కలు కూడా ఆ మాటను బలపరుస్తున్నట్టే కనిపించాయి. అయితే పరిశోధకులు ఇంకో ప్రశ్న వేశారు. మారింది అమ్మాయిల నడవడికా, లేక వాళ్ల మీద కేసులు రాసే తీరా?

పరిశోధన ఎలా మొదలైంది?

నేరశాస్త్రం చాలాకాలం మగపిల్లల గురించే మాట్లాడింది. అమ్మాయిల ప్రస్తావన వచ్చినా దాన్ని లైంగిక ప్రవర్తనతో ముడిపెట్టేవారు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఐ. థామస్ 1923లో తెచ్చిన 'ది అన్‌అడ్జస్టెడ్ గర్ల్' పుస్తకం ఇందుకు ఉదాహరణ. ఈ ధోరణిని బ్రిటన్‌లో ఫ్రాన్సెస్ హైడెన్సన్ 1968లో ఒక వ్యాసంలో, కారల్ స్మార్ట్ 1976లో ఒక పుస్తకంలో గట్టిగా ప్రశ్నించారు. ఆ తర్వాతే ఇది ప్రత్యేక పరిశోధనా రంగంగా ఎదిగింది.

ఇల్లు వదిలి వెళ్లడమే నేరమైతే

అమెరికాలో కొన్ని పనులు పెద్దవాళ్లు చేస్తే తప్పు కాదు, పిల్లలు చేస్తే మాత్రం కోర్టుకు వెళ్లాల్సిందే. ఇంటి నుంచి పారిపోవడం, బడి ఎగ్గొట్టడం, తల్లిదండ్రుల మాట వినకపోవడం అలాంటివి. అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిల కేసుల్లో ఇవే ఎక్కువ భాగమని హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన మెడా చెస్నీ-లిండ్ చూపించారు. ఆ అమ్మాయిల్లో చాలామంది ఇంట్లో దెబ్బలు, లైంగిక వేధింపులు తట్టుకోలేక బయటపడ్డవాళ్లే. ప్రాణం కాపాడుకోవడానికి చేసిన పని చట్టం కంటికి తప్పుగా కనిపించింది.

ఇలాంటి పిల్లలను నిర్బంధించకూడదని 1974లో ఫెడరల్ చట్టం వచ్చింది. అయితే 1980 సవరణ ఒక సందు తెరిచింది. కోర్టు ఉత్తర్వును ఉల్లంఘిస్తే లోపల పెట్టొచ్చు. 'మళ్లీ పారిపోవద్దు' అని జడ్జి చెప్పాక అమ్మాయి మళ్లీ పారిపోతే, అది కోర్టు ధిక్కారం కిందికి వచ్చింది.

ఇంటి గొడవ కేసుగా మారితే

అమ్మాయిల నేరాలపై అధ్యయనానికి అమెరికా న్యాయశాఖ 2004లో ఒక పరిశోధక బృందాన్ని ఏర్పాటు చేసింది. దాడి కేసుల్లో అమ్మాయిల అరెస్టులు పెరిగినా, పిల్లలు స్వయంగా చెప్పిన వివరాల్లో, బాధితుల సర్వేల్లో ఆ స్థాయి పెరుగుదల లేదని ఆ బృందం తేల్చింది. గృహహింస ఫిర్యాదు వస్తే అరెస్టు తప్పనిసరి అనే విధానాలు ఇందుకు ఒక ముఖ్య కారణం. అంతకుముందు నాలుగు గోడల మధ్య తేలిపోయే తల్లీకూతుళ్ల గొడవ ఇప్పుడు 'దాడి' కేసుగా నమోదైంది.

ఇంగ్లండ్‌లోనూ దాదాపు ఇదే జరిగింది. 1998 చట్టం చిన్న తప్పులకు కూడా రికార్డులోకెక్కే హెచ్చరికలు తెచ్చింది. 2002లో ప్రభుత్వం పోలీసులకు కేసుల టార్గెట్ పెట్టింది. టార్గెట్ అందుకోవాలంటే బడి దగ్గర కొట్లాట, షాపులో చిన్న దొంగతనం వంటి కేసులే సులువు. ఆ వలలో అమ్మాయిలు ఎక్కువగా పడ్డారు. 2008లో టార్గెట్‌ను మార్చాక కొత్తగా కేసుల్లోకి వచ్చే పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. అమ్మాయిల సంఖ్యా తగ్గింది. అంత తక్కువ కాలంలో అమ్మాయిల స్వభావం మారిపోదు కదా!

గిల్లీ షార్ప్ 2012లో తెచ్చిన 'అఫెండింగ్ గర్ల్స్' పుస్తకం కోసం ఈ వ్యవస్థలో చిక్కుకున్న అమ్మాయిలతో, వాళ్లను చూసుకునే సిబ్బందితో మాట్లాడారు. పేదరికం, హింస వంటి కష్టాలను సాయం అవసరమైన విషయాలుగా కాక, రేపు నేరం చేసే 'ప్రమాద సూచనలు'గా లెక్కగడుతున్నారని ఆమె విమర్శ.

వెంటాడే రికార్డు

వృద్ధుల సంరక్షణ, పిల్లల కేంద్రాల వంటి ఉద్యోగాల్లో మహిళలే ఎక్కువ. నేర చరిత్రను లోతుగా తనిఖీ చేసేదీ అక్కడే. అందుకే పద్నాలుగేళ్లప్పటి హెచ్చరిక కూడా తర్వాత బతుకుదెరువుకు అడ్డుపడేది. 2019లో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 2020 నవంబరు నుంచి బాల్యంలోని హెచ్చరికలు తనిఖీ పత్రాల్లో వాటంతటవే కనిపించడం ఆగింది.

మన చట్టం ఏం చెబుతోంది?

భారత బాల న్యాయ చట్టం–2015 ప్రకారం ఇంటి నుంచి పారిపోయిన పిల్లలు నేరం చేసినవాళ్లు కారు. వాళ్లు రక్షణ అవసరమైన పిల్లలు. అందువల్ల వాళ్ల విషయం చూడాల్సింది చైల్డ్ వెల్ఫేర్ కమిటీ. నేరారోపణ ఉన్నవాళ్లు జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళతారు. బాల్యంలో తప్పు రుజువైనా అది తర్వాత అనర్హత కాకూడదని 24వ సెక్షన్ చెబుతోంది. 16 ఏళ్లు దాటి, ఘోర నేరంలో పిల్లల కోర్టు దోషిగా తేల్చినవారికి మాత్రం ఈ మినహాయింపు వర్తించదు.

'అమ్మాయిల నేరాలు పెరిగాయి' అనే వార్త చూసినప్పుడు ముందు మూడు విషయాలు తెలుసుకోవాలి. కేసు ఏ సెక్షన్ కింద పెట్టారు? ఫిర్యాదు చేసింది ఎవరు? అంతకుముందు ఆ అమ్మాయికి ఇంట్లో ఏం జరిగింది? మూడో ప్రశ్నకు జవాబు అరెస్టుల లెక్కల్లో ఉండదు.