పహాణియు వ్యాజ్యమును: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల భూమి దాఖలాలు

భూమి వ్యాజ్యము దావా వేసిన నాడు పుట్టునది కాదు; దాఖలా వ్రాసిన నాడే దాని బీజము పడును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల చరిత్ర యిందుకు నిదర్శనము. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడువరకు ఈ మూడును నల్లగొండ జిల్లాలోనివే. దాఖలాకు బలము వ్రాతవలననే కాక, దాని నకళ్లు వేర్వేరు చేతులలో నిలుచుటవలన గూడ కలుగునని ఈ వ్యాసమున నిరూపింప యత్నింతుము.

నిజాము రాజ్యమున భూమి లెక్కలకు 1317 ఫసలీ, అనగా 1907 నాటి శిస్తు చట్టము ఆధారము. సర్వే ముగిసిన పిమ్మట గ్రామమున కేర్పరచిన మూలపట్టిక సేత్వారు. ఏటేటి సాగును, అనుభవమును తెలుపునది పహాణి. జమాబందిలో మంజూరైన మార్పులను తెలుపునది ఫైసల్ పట్టి. ఇవి ప్రధానముగా ఉర్దూలో నుండెను. గ్రామమున వీనిని వ్రాయువాడును, భద్రపరచువాడును పట్వారియే. తన పేరు లెక్క కెక్కినదో లేదో చదువురాని రైతు స్వయముగా తెలిసికొనజాలకుండెను. సూర్యాపేట తాలూకా ఎర్రపహాడు దేశముఖు క్రింద ఒకటిన్నర లక్షల యెకరము లుండెనని పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972 నాటి గ్రంథమున వ్రాసిరి. అట్టి ఆధిపత్యమునకు దండబలమెంతయో లెక్కలపై పట్టును అంతయే తోడ్పడెనని మా యభిప్రాయము.

1946–51 నడుమ సాగిన సాయుధ పోరాటమున అప్పు పత్రములును, భూస్వాముల కాగితములును పలుచోట్ల తగులబెట్టబడెను. ఋణపత్రము కాలుట రైతునకు విముక్తిగా తోచుట సహజము. కాని కౌలు అనుభవమును తెలుపు లెక్క కాలినచో, సాక్ష్యము కోల్పోవువాడు రైతే.

పిమ్మట 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో కౌలుదారీ చట్టము వచ్చి రక్షిత కౌలుదార్ల పట్టికలకు దారితీసెను. 1358 ఫసలీ హక్కుల దాఖలా నిబంధన ననుసరించి 1954–55లో ఖాస్రా పహాణి తయారయ్యెను. అందలి నమోదు తప్పని రుజువగువరకు సత్యముగా భావింపబడును. అందుచేతనే తెలంగాణ భూమి వ్యాజ్యములలో న్యాయవాదులు మొదట వెదకునది దీనినే. అయినను శిస్తు లెక్కయందు పేరుండుట మాత్రమున యాజమాన్యము సిద్ధింపదని న్యాయస్థానములు పలుమారు చెప్పినవి. కావున సేత్వారు మొదలు నేటి పహాణి వరకు వరుస తెగకుండ ధ్రువీకృత నకళ్లు సేకరించి, పేరు మారిన ప్రతి యేటను ఫైసల్ పట్టితో సరిచూచుటయే వ్యాజ్యమునకు నిజమైన సన్నాహము. ఈ పని వివాదము ముదురక పూర్వమే జరుగవలెను.

1984లో పట్వారీ వ్యవస్థ రద్దయ్యెను. 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చుటతో లెక్కలు యంత్రమునకు చేరినవి. ధరణి పహాణిలో అనుభవదారుని గడి లోపించుటచే పాత కాగితపు పహాణీల విలువ మరింత పెరిగెను. యంత్రమందలి ప్రతికిని సాక్ష్యబల మూరక రాదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను, అట్టి ప్రతికి ధ్రువపత్రమును, అది మార్పు చెందలేదని చూపు హ్యాష్ విలువను కోరుచున్నది.

ఒక్కచోటనే యుండు దాఖలా, కాగితముపై నున్నను యంత్రమున నున్నను, నాటి పట్వారి యింటి లెక్క వంటిదే. మూలము నొకచోటను, నకలు వేరొకచోటను ఉంచి, రెంటిని సరిచూచు హక్కు రైతునకు కల్పించినపుడే దాఖలా న్యాయమునకు తోడగును.