రామునిచేత రావణుడు చంపబడెను



ప్రత్యేక సంచికకు పాత సంగతులు ఏవైనా రాయమని మన కార్యదర్శిగారు కోరారు. ముప్పై ఎనిమిదేళ్ళు ఫైళ్ళు రాసిన చేయి గనుక సర్వీసు విషయాలే రాద్దామని కూర్చున్నాను. కాని సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచి రోజూ సాయంత్రం మా అరుగు మీదకు పదవ తరగతి చదివే ఒక అమ్మాయి ఇంగ్లీషు గ్రామరు చెప్పించుకోవడానికి వస్తున్నది. మార్చిలో పరీక్ష. మొదటి రోజున పుస్తకం తెరచి, "తాతగారూ, ఈ వాయిస్ మార్చడం నాకు రావడం లేదండీ" అన్నది. ఆ ఒక్క మాటతో నా మనసు 1967 మార్చి నెలకు, మా ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షకు వెళ్ళిపోయింది. అందుకని ఆ పరీక్ష కథే రాస్తున్నాను. ఆ అమ్మాయి ఎవరో చివర చెబుతాను.

ఈ పరీక్ష ఎలా పుట్టింది?

ఇంగ్లీషు చదువు అనగానే అందరూ మెకాలేను తలుస్తారు. 1835 ఫిబ్రవరి 2న ఆయన తన అభిప్రాయం రాసిన మాట, మార్చి 7న గవర్నర్ జనరల్ బెంటింక్ దానికి అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చిన మాట నిజమే. కాని మన గుమాస్తాల పాలిటి మూలపురుషుడు వేరే ఉన్నాడు. ఆయన లార్డ్ హార్డింజ్. ప్రభుత్వోద్యోగాలలో ఇంగ్లీషు చదువుకున్న వారికి ప్రాధాన్యం ఇవ్వాలని 1844లో ఆయన తీర్మానం చేశాడు. అంతవరకు ఇంగ్లీషు జ్ఞానం కోసమైతే, అప్పటినుంచి జీతం కోసమైంది. తరువాత 1854లో ఉడ్ డిస్పాచ్ వచ్చింది. 1857లో మద్రాసు యూనివర్సిటీ ఏర్పడింది. దాని మెట్రిక్యులేషను పరీక్షే కాలేజీకీ కచేరీకీ గుమ్మం అయింది. కోస్తా జిల్లాలవారు, రాయలసీమవారు, తమిళులు అందరూ ఆ గుమ్మంలో నుంచే దూరవలసి వచ్చేది. అటు నిజాం రాజ్యంలో 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినప్పుడు కూడా ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగానే ఉంచారు.

ఈ పరీక్ష తప్పడం ఎంత తొందరగా మన ఇళ్ళలో మామూలైపోయిందో చూడాలంటే గురజాడవారి కన్యాశుల్కం చాలు. 1892లో తొలిసారి ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన ఆ నాటకంలో వెంకటేశం పరీక్ష తప్పినవాడే. వాడికి చదువు చెప్పే వంకతోనే గిరీశం అగ్రహారంలో అడుగు పెడతాడు.

నవ్వు రాని ఉదాహరణ శ్రీనివాస రామానుజన్‌ది. కుంభకోణం కాలేజీలో 1904లో ఎఫ్.ఏ. చేరిన ఆ గణిత మేధావి ఇంగ్లీషులో తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నం దాకా వచ్చేశాడు. చివరకు 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా కుదిరాడు. అంతటివాడినే ఆపిన గుమ్మం ఎంతమంది మామూలు పిల్లలను ఆపి ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చును.

మెట్రిక్యులేషను స్థానంలోకి 20వ శతాబ్ది తొలినాళ్ళలో ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. మా కాలంలో ఆంధ్ర ప్రాంతంలో అది 11వ తరగతి. ఆ ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం మనలో చాలామంది పెట్టెలలో నేటికీ ఉంటుంది. మార్కులు, పుట్టుమచ్చలు, పుట్టిన తేదీ అన్నీ అందులోనే. ఆ తేదీయే సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. మనం ఏ రోజున ఇంటికి వెళ్ళాలో కూడా ఆ పుస్తకమే చెప్పింది.

మా సాధన

మాది పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక పల్లె. మూడు మైళ్ళు నడిచి జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్ళేవాళ్ళం. మా ఇంగ్లీషు మాస్టారు పంచె కట్టుకుని, పైన కోటు వేసుకుని వచ్చేవారు. ఆయన చేతిలో రెన్ అండ్ మార్టిన్ గ్రామరు ఉండేది. 1930లలో వచ్చిన ఆ పుస్తకం రాసిన ఇద్దరిలో పి.సి. రెన్ కరాచీలో హెడ్మాస్టరుగా పనిచేసినవాడు, నవలలు కూడా రాసినవాడు. తరువాతి కాలంలో ఆ పుస్తకాన్ని సవరించి నిలబెట్టిన ఎన్.డి.వి. ప్రసాదరావుగారి పేరు నేటికీ దాని అట్ట మీద ఉంటుంది.

మా పద్ధతి అంతా కంఠస్థమే. రోజుకు పది మాటలు, స్పెల్లింగుతో సహా అప్పజెప్పాలి. ఒక్క అక్షరం తప్పితే పదిసార్లు రాయాలి. సైకాలజీ అనే మాటకు ముందు 'పి' ఎందుకని అడిగినవాణ్ణి మాస్టారు బెంచీ ఎక్కించారు. ఆ తరువాత ఎవరూ అడగలేదు.

గ్రామరులో మాకు ఎందుకంత కష్టమయ్యేదో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు ఈ అమ్మాయికి చెబుతుంటే తెలుస్తున్నది. మన భాషలో 'ఏ', 'యాన్', 'ది' లేవు. మనకు మార్చిలో, సోమవారం, పదింటికి అంటే సరిపోతుంది. ఇంగ్లీషులో మార్చికి 'ఇన్', సోమవారానికి 'ఆన్', పదింటికి 'ఎట్' కావాలి. మన విభక్తి మాట వెనుక నడుస్తుంది, వాళ్ళది ముందు నడుస్తుంది. 'నాకు ఒంట్లో బాగాలేదు' అని రాము అన్నాడు అంటే మనకు 'అని' అన్న ఒక్క మాట చాలు. ఇంగ్లీషులో 'నేను' కాస్తా 'అతడు' కావాలి, 'ఈజ్' కాస్తా 'వాజ్' కావాలి, నిన్న కాస్తా అంతకు ముందురోజు కావాలి. గోదావరి దక్షిణాదిలో అన్ని నదులకంటె పొడవు అని ఒక్కసారి చెబితే మనకు అర్థమవుతుంది. పరీక్షలో అదే సంగతి మూడు రకాలుగా చెప్పాలి. నో అదర్ రివర్ అని మొదలుపెట్టి మళ్ళీ గోదావరి దగ్గరకే రావాలి.

అన్నిటికంటె గొడ్డు చాకిరీ వాయిస్. 'రామా కిల్డ్ రావణ' అని మాస్టారు బోర్డు మీద రాసేవారు. 'రావణ వాజ్ కిల్డ్ బై రామా' అని మేము మార్చాలి. దాన్ని తెలుగులో 'రామునిచేత రావణుడు చంపబడెను' అని చెప్పించేవారు. "ఒరేయ్, రాముడు రావణుణ్ణి చంపాడు అంటే మీ నాయనమ్మకు తెలుస్తుంది. చంపబడెను అంటే నవ్వుతుంది. పరీక్ష దిద్దేవాడు మాత్రం నవ్వడు, మార్కు వేస్తాడు" అనేవారు మాస్టారు.

నా పక్కన కూర్చునే స్నేహితుడు లెక్కల్లో స్కూలుకే ఫస్టు. వాడికి ఈ వాయిస్ మింగుడు పడేది కాదు. "చంపినవాడు ముందుండాలి గదరా, వెనక్కి ఎందుకు పోతాడు?" అనేవాడు. గేదెలకు కుడితి పెట్టి, రాత్రి ఎనిమిదింటికి మా అరుగు మీదకు వచ్చేవాడు. ఒకే లాంతరు కింద ఇద్దరం చదివేవాళ్ళం. మా మేనమామ కచేరీలో గుమాస్తా కావడంవల్ల మా ఇంట్లో శంకరనారాయణ నిఘంటువు ఉండేది. వాడి ఇంట్లో పంచాంగం తప్ప అచ్చుపుస్తకం లేదు. ఫిబ్రవరి ఆఖరున మినుము పీకుళ్ళు వచ్చి వాడు పదిరోజులు రాలేదు. తరువాత వచ్చి, "డిక్షనరీ రెండు రోజులు ఇయ్యరా, మాటలు రాసుకుని తెచ్చేస్తాను" అన్నాడు. పరీక్షలు దగ్గరపడ్డాయి, నాకూ కావాలి అన్నాను. వాడు సరే అని వెళ్ళిపోయాడు.

ఫలితాలు వచ్చిన రోజున పేపర్లో నా నంబరు ఉంది. వాడిది లేదు. నాకు ఇంగ్లీషులో 41. వాడికి 27. లెక్కల్లో వాడికి నాకంటె రెట్టింపు వచ్చాయి. సెప్టెంబరులో మళ్ళీ కట్టాడు, మరుసటి మార్చిలో మళ్ళీ కట్టాడు. తరువాత కట్టలేదు. రైసుమిల్లులో పద్దులు రాసే గుమాస్తాగా చేరి, కాకిలెక్క ఒక్కటి లేకుండా ముప్పై ఏళ్ళు రాశాడు.

కచేరీలో వాయిస్

నేను టైపు లోయరు పాసై, సర్వీసు కమిషను పరీక్ష రాసి, 1971లో లోయర్ డివిజన్ క్లర్కుగా ఒక రెవిన్యూ కార్యాలయంలో చేరాను. మాస్టారు చెప్పిన పాసివ్ వాయిస్ ఎందుకు పనికివస్తుందో అక్కడ తెలిసింది. స్కూల్లో కనీసం 'బై రామా' అని ఉండేది. కచేరీలో అదీ ఉండదు. ఫైలు కనపడకపోతే 'మిస్‌ప్లేస్డ్' అని రాస్తాము. ఎవరు పోగొట్టారో ఉండదు. అర్జీ త్రోసివేస్తే 'రిజెక్టెడ్' అని రాస్తాము. ఎవరు త్రోశారో ఉండదు. రావణుడు చంపబడును, రాముడు ఎక్కడా సంతకం పెట్టడు. మన సోదరులు ఈ మాటకు నవ్వుకుంటారని తెలుసు. నేనూ రెండేళ్ళు నవ్వుకుంటూనే రాశాను.

1973లో ఒకనాడు నా బల్ల ముందుకు ఒక మనిషి వచ్చి, "గుమాస్తాగారూ" అని పిలిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తలెత్తి చూస్తే వాడే. "నన్ను గారూ అంటావేమిట్రా" అని కుర్చీ వేయించాను. జేబులో నుంచి మడత కాగితం తీశాడు. వాళ్ళ నాన్న పేరు మీదున్న ఎకరం పావు పొలం పట్టా విషయంలో మా కార్యాలయం ఇచ్చిన ఉత్తర్వు అది. వాళ్ళకు వ్యతిరేకంగా వచ్చింది. అడుగున ఇంగ్లీషులో ఒక వాక్యం ఉన్నది: యాన్ అప్పీల్ మే బి ప్రిఫర్డ్ వితిన్ థర్టీ డేస్. అంటే ముప్పై రోజులలోగా మీరు అప్పీలు చేసుకోవచ్చును అని. ఉత్తర్వు అందిన నాటికి ఇప్పటికి యాభై రోజులు దాటాయి.

"ఇన్నాళ్ళూ ఏం చేశావురా?" అన్నాను.

వాడు నెమ్మదిగా చెప్పాడు. "ప్రిఫర్ అంటే ఎక్కువగా ఇష్టపడు అని మన మాస్టారు చెప్పారు గదరా. అప్పీలు ఇష్టపడబడవచ్చును అని ఉంది. ఎవరు ఇష్టపడాలో లేదు. నన్ను గురించి అయితే 'యు' అని ఉండాలి గదా. కచేరీవారే ఇష్టపడి పైకి పంపుతారు కాబోలు అనుకున్నాను."

వాడి గ్రామరులో తప్పు లేదు. ఆ వాక్యంలో కర్త లేడు. ప్రిఫర్ అనే మాటకు దాఖలు చేయు అనే అర్థం ఉన్నదని మా హైస్కూల్లో ఎవరూ చెప్పలేదు. నాకూ ఉద్యోగంలో చేరాకనే తెలిసింది.

వాణ్ణి కూర్చోబెట్టి ఫైలు తెప్పించాను. ఆఫీసు కాపీ అడుగున ఎడమ పక్క నా పొట్టి సంతకం ఉన్నది. పాత డ్రాఫ్టు చూసి ఆ ఉత్తర్వు తయారుచేసినది నేనే. పేరు, సర్వే నంబరు మార్చి రాసుకుపోయాను. ఆ పేరు ఎవరిదో ఆగి చూడలేదు. ఆ సంగతి వాడితో చెప్పాను. వాడు కొంచెంసేపు ఊరుకుని, "నువ్వు రాసింది కరెక్టే గదరా, నాకే రాలేదు" అన్నాడు. ఆలస్యాన్ని మన్నించమని నేనే కూర్చుని దరఖాస్తు రాసి ఇచ్చాను. మన్నించలేదు. పొలం పోయింది.

ఆ తరువాత

తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లోనే చట్టం వచ్చింది. కాని మా బల్లల దాకా రావడానికి చాలాకాలం పట్టింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధ్యక్షులుగా అధికార భాషా సంఘం ఏర్పడ్డాక కచేరీలకు తెలుగు టైపు మిషన్లు, పదకోశాలు రాసాగాయి. చాలామంది సహోద్యోగులు తెలుగు డ్రాఫ్టు రాయడం చిన్నతనంగా భావించారు. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. అంతకు ముందునుంచే నేను ప్రజలకు పోయే ప్రతి ఇంగ్లీషు కాగితం అడుగున 'ఈ పని మీరు ఫలానా తేదీలోగా చేయాలి' అని తెలుగులో ఒక్క ముక్క చేర్చేవాణ్ణి. ఒక అధికారి దానిని ఎర్రసిరాతో కొట్టేశారు. ఇంకొకరు మెచ్చుకున్నారు. ఎవరేమన్నా 2009లో రిటైరయ్యేదాకా ఆ అలవాటు మానలేదు.

ఇంగ్లీషు వద్దని నేను చెప్పడం లేదు. 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు బోధన కోసం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన నాటినుంచి పద్ధతులు ఎన్నో మారాయి. అదే 2007లో కేంద్ర విశ్వవిద్యాలయం కూడా అయింది. మన పిల్లలు ఆ భాషతోనే దేశదేశాలలో అన్నం తింటున్నారు. మన పెన్షనూ ఒకరకంగా ఆ 41 మార్కుల ఫలమే. నా మనవి ఒక్కటే. పిల్లలకు వాయిస్ మార్చడం నేర్పేటప్పుడు, 'ఈ పని చేసినవాడు ఎవరు?' అని కూడా అడగండి. కర్త కనపడని వాక్యం వస్తే వెతకడం నేర్పండి. మీ వీధిలో ఎవరైనా బ్యాంకు కాగితమో, కోర్టు నోటీసో తెచ్చి చూపిస్తే, 'తరువాత రా' అనకుండా గడువు తేదీ ఎప్పుడో ముందు చూసి చెప్పండి. మనకు ఇంకా చేతనైన పని ఇది.

ఆ అమ్మాయి ఎవరో చెబుతానన్నాను. నా స్నేహితుడి మనవరాలు. వాడు పోయి మూడేళ్ళయింది. పోయే ముందు ఏడాది తానే తీసుకువచ్చి, "దీనికి లెక్కలు నేను చెబుతాన్లే, ఇంగ్లీషు నువ్వు చూడరా" అన్నాడు. అప్పుడు పిల్ల చిన్నది, ఇంకా టైముంది లెమ్మన్నాను. ఇప్పుడు తనంతట తానే వచ్చింది. నిన్న పది వాక్యాలు ఇస్తే ఎనిమిది సరిగా మార్చింది. శంకరనారాయణ నిఘంటువు అట్ట ఊడిపోయింది గాని కాగితాలు గట్టిగానే ఉన్నాయి. దానిని మొదటి రోజునే ఆ అమ్మాయికి ఇచ్చి ఇంటికి పంపాను. తిరిగి ఇవ్వనక్కరలేదని చెప్పాను.

సెలవు.