విగాన్: రేవు పూడాక మిగిలిన ఊరు

ఫిలిప్పీన్స్‌లో లూజాన్ దీవి వాయవ్య తీరాన, ఇలోకోస్ సుర్ రాష్ట్రంలో ఉన్న విగాన్‌ను ఆసియాలో చెక్కుచెదరని స్పానిష్ వలస పట్టణంగా చెప్పుకోవడం పరిపాటి. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు లెక్కకు వచ్చిన ప్రధాన ప్రాంతం 17.25 హెక్టార్లు. అందులో 25 వీధులు, 233 పాత కట్టడాలు. పైన చెప్పిన వర్ణన అబద్ధం కాదు, కానీ సగమే నిజం. వీధులకు గీత గీసింది స్పానిష్ పాలన; ఇళ్ళు లేపింది ఎక్కువగా చీనా మూలాలున్న వర్తకులు. ఇక వాటిని చాలాకాలం నిలబెట్టింది చట్టం కాదు, ఊళ్ళో వర్తకం చచ్చిపోవడం. పరిరక్షణ విధానాన్ని ఈ రెండు విషయాల వెలుగులో చూడాలన్నది ఈ వ్యాసం వాదన.

స్పానిష్ వాళ్ళు రాకముందే చీనా ఓడలు ఇక్కడికి వచ్చేవి. కార్డిల్లేరా కొండల నుంచి దిగే బంగారం, తేనెమైనం ఇక్కడ చేతులు మారేవి. 1572లో వచ్చిన హువాన్ దె సల్సేదో 1574లో విల్లా ఫెర్నాండినా పేరుతో పట్టణం స్థాపించాడు. నడుమ మైదానం, దాని చుట్టూ చర్చి, అధికార భవనాలు, అక్కడి నుంచి చదరంగపు గళ్ళలా వీధులు: రెండో ఫిలిప్ రాజు 1573లో వలస పట్టణాలకు విధించిన పద్ధతికి ఒదిగిన అమరిక ఇది. 1758లో నువేవా సెగోవియా బిషప్ పీఠం లాల్-లో నుంచి ఇక్కడికి మారడంతో ఊరి హోదా పెరిగింది. డబ్బు మాత్రం చర్చి నీడన కాదు, కసాంగ్లయాన్ అనే చీనా పేటలో పోగైంది. అక్కడి వర్తకులు ఇలోకానో కుటుంబాలతో వియ్యమందారు; వాళ్ళ సంతానమైన మెస్టిసోలు నీలిమందు, పొగాకు, నూలుబట్టల వ్యాపారంతో మేడలు కట్టారు.

ఆ మేడను చూస్తే దాని యజమాని వృత్తి తెలిసిపోతుంది. కింది అంతస్తు మందపాటి ఇటుక గోడలతో గిడ్డంగి, దుకాణం, బండ్లు దూరేంత వాకిలి. కాపురమంతా పై అంతస్తులో, చెక్క నేల మీద. కిటికీలకు గాజు బదులు పలుచని కపిస్ చిప్పలు పొదిగిన చట్రాలు. వాటిని పక్కకు జరిపితే గాలి, మూసినా మెత్తని వెలుతురు. నిటారుగా వాలిన కప్పు చీనా ఇళ్ళను తలపిస్తుంది. ఒకప్పటి పెంకుల స్థానంలో ఇప్పుడు చాలా ఇళ్ళకు రేకులే. నేడు నిలిచి ఉన్నవాటిలో ఎక్కువ 18వ శతాబ్దం మధ్య నుంచి 19వ శతాబ్దం చివరి వరకు కట్టినవి. కాబట్టి ఈ ఇళ్ళు సరుకు మీద కూర్చున్న కాపురాలు. వీటిని స్పెయిన్ ఇళ్ళకు నకళ్ళుగా చూస్తే కింది అంతస్తు అర్థమే కాదు.

విగాన్ చరిత్రకు మన తీరంతో ఒక ముడి ఉంది. 1762లో మనీలాను పట్టుకున్న బ్రిటిష్ దండు మద్రాసు నుంచే ఓడలెక్కింది. అందులో మద్రాసు సిపాయిలూ ఉన్నారు. మనీలా పడిపోయాక, ఆ ఏడాది డిసెంబరులో దియేగో సిలాంగ్ విగాన్‌లో స్పానిష్ పాలనపై తిరుగుబాటు లేవదీసి, బ్రిటిష్ వాళ్ళతో పొత్తు కుదుర్చుకున్నాడు. 1763 మే 28న అతన్ని హత్య చేశారు. పోరు కొనసాగించిన భార్య గాబ్రియేలాను సెప్టెంబరు 20న విగాన్‌లోనే ఉరి తీశారు. పర్యాటకుల కోసం చెప్పే 'అందమైన పాత ఊరు' కథలో ఈ ఉరికంబం కూడా ఉండాలి.

ఒకప్పుడు అబ్రా, మెస్టిసో, గోవాంతెస్ నదులు విగాన్‌ను దీవిలా చుట్టి ఉండేవి. మేట వేసి నీటిదారి పూడింది, పడవలు దూరమయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మనీలాలోని పాత కోటపట్టణం ఇంట్రామురోస్ నేలమట్టమైనా విగాన్ బతికిపోయింది. యుద్ధం తర్వాత ఆర్థికంగా వెనకబడ్డ ఊళ్ళో పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టే తాహతు తక్కువ మందికే ఉంది. 1970లో శాసనసభ్యుడు ఫ్లోరో క్రిసోలోగో ఇక్కడి ప్రధాన చర్చిలోనే హత్యకు గురైన నాటి రాజకీయ హింస కూడా పెట్టుబడిని రానివ్వలేదు. పేదరికాన్ని పరిరక్షణగా పొగడకూడదు. అయినా జాబితాకెక్కిన అసలుతనంలో దాని వాటా ఎంతో ఒప్పుకోకపోతే, డబ్బు తిరిగొచ్చిన రోజున ఏం పోతుందో అంచనా వేయలేం.

డబ్బు తిరిగొచ్చింది. 1990ల చివరి నుంచి పురపాలక సంఘం పాత ఇళ్ళ మరమ్మతులకు నిబంధనలు పెట్టింది. క్రిసోలోగో వీధిలోకి మోటారు వాహనాలను రానివ్వక గుర్రబ్బండ్లకే వదిలింది. 2010లో యునెస్కో బ్యాంకాక్ కార్యాలయం ఇంటి యజమానుల కోసం మరమ్మతుల కరదీపిక వెలువరించింది. నా దృష్టిలో విగాన్‌లో జరిగిన అతి తెలివైన పని ఇదే, ఎందుకంటే ఇళ్ళు ప్రభుత్వానివి కావు. చాలా మేడలు పంపకాలు కాని ఉమ్మడి ఆస్తులు. వారసులు మనీలాలోనో అమెరికాలోనో ఉంటారు. గోడకు పగులు వస్తే సున్నం ఎవరు కొనాలన్న దగ్గరే పని ఆగిపోతుంది. 2012లో ప్రపంచ వారసత్వ నిర్వహణకు ఆదర్శంగా యునెస్కో విగాన్‌ను ఎంచింది. ఊరివాళ్ళను భాగస్వాములను చేసినందుకు అది తగిన గౌరవమే.

అయితే నిబంధనల చూపు వీధివైపు గోడ మీదే ఆగే ప్రమాదం ఉంది. వీధి నుంచి కనిపించే ముఖం పాతదై, లోపల కాపురం ఖాళీ అయి, పై అంతస్తు అతిథి గదులుగా, కింది గిడ్డంగి జ్ఞాపికల కొట్టుగా మారితే ఆ ఇంటిని కాపాడినట్టా? కింద వ్యాపారం సాగడం ఈ ఇళ్ళకు సహజమే, దానికి అభ్యంతరం అక్కరలేదు. పై అంతస్తు ఖాళీ కావడమే అసలు నష్టం. సిమెంటుది మరో ముప్పు. సున్నపు గార తేమను పీల్చి బయటికి వదులుతుంది. సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తుంది, కొంతకాలానికి ఇటుక పొడిగా రాలుతుంది. గార పని, కపిస్ చట్రాల పని తెలిసిన చేతులు ఊళ్ళో ఉన్నంతవరకే కరదీపిక పనికొస్తుంది.

2022 జులై 27న పొరుగున ఉన్న అబ్రా రాష్ట్రంలో 7.0 తీవ్రతతో వచ్చిన భూకంపం విగాన్ పాత ఇళ్ళను దెబ్బతీసింది. పక్కనున్న బంతాయ్ గంటల గోపురం నుంచి ఇటుకలు రాలాయి. ఇలాంటి విపత్తు తర్వాత త్వరగా దొరికేది సిమెంటే, ఆలస్యంగా దొరికేది పాతపని తెలిసిన మేస్త్రీ. అందుకే పరిరక్షణ నిధిలో మొదటి వాటా ముఖద్వారాల రంగులకు కాక, మేస్త్రీల శిక్షణకూ ఉమ్మడి వారసులు కలిసి చేయించుకునే మరమ్మతులకూ వెళ్ళాలి. పై అంతస్తులో కాపురం ఉండే కుటుంబానికి పన్నులో రాయితీ ఇవ్వడం అంతకంటే చవకైన మార్గం.