పడవ ట్రైలరు వించి

పడవ ట్రైలరు వించి అనగా నీటిలో ఉన్న చిన్న పడవను ట్రైలరు మీదికి లాగడానికి, తిరిగి అదుపుగా నీటిలోకి దించడానికి ఉపయోగించే, తాడు చుట్టుకునే యంత్రం. ఇది ట్రైలరు ముందుభాగాన ఒక నిలువు స్తంభానికి బిగించి ఉంటుంది. ఇందులో తాడు చుట్టుకునే డ్రమ్ము, పళ్ళచక్రాలు, తిప్పే పిడి, వెనక్కు తిరగకుండా ఆపే ర్యాచెట్ లేదా బ్రేకు, చివర కొక్కెం ఉన్న తాడో బెల్టో ముఖ్యమైన భాగాలు. కొక్కేన్ని పడవ ముందుకొనకు కింది వైపున ఉండే ఇనుప ఉంగరానికి తగిలిస్తారు.

పడవ ఎప్పుడూ నీటిలోనే కట్టి ఉండే రేవులలో దీని అవసరం తక్కువ. పడవను ఇంటివద్దనో షెడ్డులోనో ఉంచి, అవసరమైనప్పుడు చెరువుకో జలాశయానికో తీసుకువెళ్ళే చోట్ల దీని అవసరం ఎక్కువ. హైదరాబాదుకు ఉత్తరాన, రాజీవ్ రహదారిపై హకీంపేటకు, శామీర్‌పేటకు మధ్యనున్న తూంకుంట అటువంటి ప్రదేశమే. ఊరి పేరులో తూము, కుంట రెండూ వినిపిస్తాయి గాని, పడవ నడపదగినంత నీరు కావాలంటే ఇటు శామీర్‌పేట పెద్దచెరువుకో అటు హుస్సేన్ సాగరుకో ప్రయాణం చేయవలసిందే.

వించి అవసరం లేని పడవలు

అన్ని పడవలకూ వించి అక్కరలేదు. హుస్సేన్ సాగరులో సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, 2009లో ఏర్పడిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ తెరచాప పడవల శిక్షణ, పోటీలు నిర్వహిస్తున్నాయి. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవ తొట్టి బరువు 35 కిలోలు, లేజర్ పడవ తొట్టి బరువు సుమారు 59 కిలోలు. వీటిని చేతితో తోసే రెండు చక్రాల బండిమీద ఇద్దరు మనుషులు సులభంగా ఒడ్డుకు చేర్చగలరు. చెరువుల్లో చేపలు పట్టేవారి పుట్టి, థర్మోకోల్ తెప్ప కూడా అంతే. వాటిని భుజాన వేసుకుని పోతారు. కోస్తా తీరంలో ఫైబరు తెప్పలు చాలా బరువైనవైనా అక్కడ ఇసుకమీద పదిమంది కలిసి నెట్టడమో, ట్రాక్టరుతో లాగడమో జరుగుతుంది.

వించి ప్రశ్న మోటారు పడవతోనే మొదలవుతుంది. 4 నుండి 5 మీటర్ల పొడవున్న ఫైబరు పడవ, దాని వెనుక తగిలించే ఇంజను, పెట్రోలు, లంగరు, లైఫ్ జాకెట్లు అన్నీ కలిపితే 400 నుండి 500 కిలోలు దాటవచ్చు. వరద సహాయక పడవలు, క్లబ్బులు పోటీల సమయంలో వాడే రక్షణ పడవలు ఈ కోవలోకి వస్తాయి. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు నీట మునిగినప్పుడు వీధుల్లోకి పడవలు తీసుకురావలసి వచ్చింది. అటువంటి సమయంలో చీకట్లో, వానలో, తడిచేతులతో పిడి తిప్పేది పడవల సంగతి పెద్దగా తెలియనివారు కూడా కావచ్చు. వించిని ఎంచుకునేటప్పుడు దానిని వాడబోయే మనిషిని కూడా దృష్టిలో ఉంచుకోవాలి.

లాగవలసిన బలము

వించి మీద ఉండే అంకెను పడవ బరువుతో పోల్చి కొనడం తరచుగా జరిగే పొరపాటు. వించి పడవను పైకి ఎత్తదు, వాలు మీద లాగుతుంది. కాబట్టి దానిపై పడే భారం రెండు భాగాల మొత్తం: వాలు వలన వెనక్కు జారే బలం ఒకటి, పడవ అడుగుకు ట్రైలరుకు మధ్య రాపిడి రెండవది.

500 కిలోల పడవను 8 అడుగులకు 1 అడుగు ఎత్తు పెరిగే వాలుమీద లాగుతున్నామనుకుందాం. వాలు వలన వచ్చేది బరువులో ఎనిమిదో వంతు, అనగా సుమారు 62 కిలోలు. ట్రైలరుకు రబ్బరు రోలర్లు ఉండి చక్కగా తిరుగుతుంటే, రాపిడిని బరువులో పదోవంతుగా తీసుకుంటే మరో 50 కిలోలు, మొత్తం 110 పైచిలుకు. అదే పడవ తివాచీ గుడ్డ తొడిగిన చెక్క పట్టెలమీద జరగాలంటే రాపిడి బరువులో మూడోవంతు దాకా ఉండవచ్చు. దానిని నూటికి 35 వంతులుగా తీసుకుంటే మొత్తం సుమారు 235 కిలోలు అవుతుంది. వాలు 5 అడుగులకు 1 అడుగైతే 270. పడవ మారలేదు, మనిషీ మారలేదు. ట్రైలరు పరుపు మారినందుకే భారం రెట్టింపయింది. తుప్పు పట్టి తిరగని రోలరు చెక్క పట్టెకన్నా హీనం.

దీనికి తోడు లెక్కలోకి రాని బరువు ఒకటుంది. అడుగున నిలిచిన 100 లీటర్ల వాననీరు 100 కిలోలు. పడవ వెనుక ఉండే నీటిబిరడాను తీసి, నీరు పోయిన తరువాత మిగతా దూరం లాగడం మంచిది.

ట్రైలరును ఎంత లోతుగా నీటిలోకి దించితే పడవ అంతగా తేలుతూ వచ్చి కూర్చుంటుంది, వించికి పని తగ్గుతుంది. కాంక్రీటు ర్యాంపు ఉన్నచోట ఇది సాధ్యం. దక్కను చెరువులలో వేసవికి నీరు వెనక్కు పోయి పూడిక మట్టి బయటపడుతుంది. ఆ మెత్తని మట్టిలో చక్రాలు దిగబడే ప్రమాదమున్నందున ట్రైలరు గట్టినేల మీదనే ఆగుతుంది, పడవను దూరంనుండి లాగవలసివస్తుంది. కాబట్టి శామీర్‌పేట వంటి చెరువు ఒడ్డున వాడే వించికి, సిమెంటు ర్యాంపు దగ్గర వాడే వించికన్నా ఎక్కువ బలం, పొడవైన బెల్టు రెండూ కావాలి.

వాడుకలో ఉన్న స్థూల నియమం ప్రకారం వించి సామర్థ్యం పడవ మొత్తం బరువులో సగానికి తగ్గకూడదు. ఇది రోలర్లకు, మంచి వాలుకు సరిపోతుంది. చెక్క పట్టెలు, నిటారు ఒడ్డు, మట్టి ఉంటే పడవ పూర్తి బరువుకు సమానమైన సామర్థ్యం తీసుకోవడం క్షేమం.

వించి మీది అంకె

కొన్ని దేశాలలో వించి సామర్థ్యాన్ని పౌనులలో చెబుతారు. 1200 అని ఉన్నది 1200 పౌన్లైతే అది సుమారు 544 కిలోలే. దుకాణంలో ఈ తేడా చూడకుండా కొన్నవారు తాము అనుకున్నదానిలో సగం కంటే తక్కువ బలమున్న యంత్రాన్ని తెచ్చుకుంటారు.

రెండవది, ఆ అంకె సాధారణంగా డ్రమ్ము దాదాపు ఖాళీగా ఉన్నప్పటి మాట. తాడు చుట్లు పెరిగేకొద్దీ డ్రమ్ము లావవుతుంది, లాగే బలం తగ్గుతుంది. ఉదాహరణకు పిడి పొడవు 25 సెం.మీ., డ్రమ్ము వ్యాసార్థం 2.5 సెం.మీ., గేరు నిష్పత్తి 4:1 అయితే, చేతి బలం సిద్ధాంతరీత్యా 40 రెట్లవుతుంది. రాపిడి నష్టాలు పోను నూటికి 70 వంతులే దక్కిందనుకుంటే 235 కిలోల భారానికి చేతిమీద సుమారు 8.5 కిలోల బరువు పడుతుంది. బెల్టు చుట్టుకుని వ్యాసార్థం 5 సెం.మీ. అయ్యేసరికి అదే భారానికి 17 కిలోలు కావాలి. పడవ చివరి అడుగులో, అనగా దాదాపు అంతా ట్రైలరు మీదికి వచ్చి భారం హెచ్చుగా ఉన్నప్పుడే, వించి బలం అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. పొడవైన బెల్టు కొనాలన్న పై సలహాకు ఇది చెల్లించవలసిన మూల్యం. అందుకే రెండు వేగాల గేర్లున్న వించి చెరువు ఒడ్డుకు అనుకూలమైనది: ఖాళీ తాడును త్వరగా చుట్టడానికి ఒక గేరు, చివరి భారానికి మరొకటి.

కప్పీ ఒకటి కొక్కెం దగ్గర చేర్చి, తాడును తిరిగి స్తంభానికి కట్టినా బలం దాదాపు రెట్టింపవుతుంది. అయితే తాడు రెండింతలు కావాలి, లాగడం రెండింతలు నెమ్మదిస్తుంది, స్తంభం మీద భారమూ పెరుగుతుంది.

ర్యాచెట్ వించి, బ్రేకు వించి

ప్రాణాపాయానికి సంబంధించిన తేడా ఇక్కడే ఉంది. సాధారణ ర్యాచెట్ వించిలో పళ్ళచక్రంలో ఒక కొక్కెం పడి డ్రమ్మును వెనక్కు తిరగకుండా ఆపుతుంది. పడవను దించాలంటే ఆ కొక్కేన్ని తీయాలి. తీసిన క్షణాన పడవ భారమంతా పిడి పట్టుకున్న చేతిమీద పడుతుంది. చేయి జారితే పిడి ఎదురు దిశలో గిర్రున తిరుగుతుంది. మణికట్టు, ముంజేయి, దవడ విరిగే గాయాలు ఈ విధంగానే అవుతాయి. తిరుగుతున్న పిడిని పట్టుకుని ఆపబోవడం మరీ ప్రమాదకరం.

బ్రేకు వించిలో రాపిడి పళ్ళేలు ఉంటాయి. పిడి వదిలేస్తే భారం ఉన్నచోటనే ఆగుతుంది, దించడానికి కూడా పిడిని వెనక్కు తిప్పవలసిందే. ధర ఎక్కువ, దించడం నెమ్మది. తాడుమీద కొంత బిగువు లేకపోతే ఈ బ్రేకు సరిగా పనిచేయదు. ఖాళీ తాడును బయటకు లాగేటప్పుడు చేత్తో కొంచెం బిగబట్టాలి. తాడును డ్రమ్ముకు తయారీదారు చూపిన దిశలోనే చుట్టాలి, తలకిందులుగా చుడితే బ్రేకు భారాన్ని పట్టదు. రాపిడి పళ్ళేలకు గ్రీజు, నూనె తగలనీయరాదు. పళ్ళచక్రాలకు గ్రీజు పూసే ఉత్సాహంలో చాలామంది దానినీ పూస్తారు.

పడవ తేలికై, ర్యాంపు మంచిదై, వాడేది ఒక్కరే అయితే ర్యాచెట్ చాలు. పలువురు చేతులు మారే పడవకు, నిటారు ఒడ్డుకు బ్రేకు వించి తప్ప మరొకటి ఆలోచించనవసరం లేదు.

12 వోల్టుల విద్యుత్ వించిలు కూడా ఉన్నాయి. ఇవి భారం మీద పదుల ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటాయి గనుక లావుపాటి తీగలు, మంచి బ్యాటరీ, ఫ్యూజు కావాలి. చేతితో తిప్పే ఏర్పాటు లేని విద్యుత్ వించి ఒడ్డున మొరాయిస్తే పడవ నీటిలోనే ఉండిపోతుంది.

తాడు, బెల్టు, కొక్కెం

ఇనుప తీగతాడు సన్నగా ఉండి డ్రమ్ములో తక్కువ చోటు పడుతుంది. కాని తెగిన పోగులు అరచేతిని చీలుస్తాయి, చేతితొడుగులు తప్పనిసరి. 5 సెం.మీ. వెడల్పు పాలియెస్టరు బెల్టు చేతికి మెత్తన, సరిగా చుట్టుకుంటుంది. దానికి శత్రువు ఎండ. ఆరుబయట నిలిపిన ట్రైలరు మీద బెల్టు రంగు వెలిసి, కుట్లు నూగులేస్తే మార్చివేయాలి. నైలాను తాడు సాగే గుణం కలది. సాగినది తెగినప్పుడు కొరడావలె వెనక్కు వస్తుంది. ఏ తాడైనా సరే, బిగువులో ఉన్నప్పుడు దాని వరసలో ఎవరూ నిలబడరాదు. డ్రమ్ము మీద కనీసం మూడు చుట్లు ఎల్లప్పుడూ మిగిలి ఉండాలి.

లాగే వరసలో అతి బలహీనమైన భాగం ఎంత మోస్తుందో అంతే మొత్తం సామర్థ్యం. పెద్ద స్థాయిలో దీనికి తెలుగువారికి గుర్తున్న ఉదాహరణ గోదావరిలోని కచ్చులూరు. 2019 సెప్టెంబరు 15న అక్కడ మునిగిన రాయల్ వశిష్ఠ పర్యాటక పడవను బయటకు తీయడానికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్ళు, లంగర్లతో పలుమార్లు ప్రయత్నించింది. ఒడ్డున లాగే యంత్రం ఉన్నా తాడు తెగితే, పట్టు జారితే పని మొదటికే వచ్చేది. చివరకు 2019 అక్టోబరు 22న పడవ ఒడ్డుకు చేరింది. మునిగిన పడవను తీయడం ట్రైలరు వించి పని కాదు గాని, సూత్రం అదే: 500 కిలోల వించికి 300 కిలోల కొక్కెం తగిలిస్తే అది 300 కిలోల వించే.

కొనుగోలు, అమరిక

సికింద్రాబాదు రాణిగంజ్ వంటి యంత్రపరికరాల బజార్లలో వించి అడిగితే చైను కప్పీ, భవన నిర్మాణంలో వాడే లిఫ్టు వించి, జీపులకు బిగించే విద్యుత్ వించి కూడా చూపుతారు. చైను కప్పీ చాలా బలమైనది, కాని ట్రైలరు స్తంభానికి ఒదగదు, దూరం లాగడానికి పనికిరాదు. ఇందుకు విలోమంగా, పడవ ట్రైలరు వించితో మనుషులను గాని, బరువులను గాని పైకి ఎత్తరాదు.

వించి ఎత్తు పడవ ముందుకొన ఉంగరానికి సమంగా గాని, కొద్దిగా పైన గాని ఉండాలి. మరీ కిందనుంటే పడవ ముక్కు ట్రైలరుకు అదుముకుని రాపిడి పెరుగుతుంది. స్తంభం బోల్టులు వించితో సమానమైన బలం కలవై ఉండాలి. కాకినాడ, విశాఖపట్నం వంటి ఉప్పునీటి ప్రదేశాలకు తీసుకుపోయేదైతే జింకు పూత గలది కొని, వాడిన ప్రతిసారి మంచినీటితో కడగాలి.

రోడ్డుమీద పడవను పట్టి ఉంచేది వించి కాదు. ముందు ఒక గొలుసు, వెనుక రెండు బెల్టులు వేరుగా కట్టాలి. రాజీవ్ రహదారిపై ఒక స్పీడు బ్రేకరు దగ్గర ఎగిరిపడే పడవ కుదుపును వించి పంటిచక్రం ఒక్కటే భరించవలసివస్తే, ఆ పన్ను విరగడానికి ఎక్కువ దూరం పట్టదు.